కషాయం వైరస్‌ను చంపుతుందా? ఆకు మందుల వార్తను ఎలా చదవాలి, ఇంట్లో ఎలా వాడుకోవాలి

చలి మొదలైతే చాలు, ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా ప్రతి ఫోనులోనూ ఒకటే మెసేజ్ తిరుగుతుంది. ఫలానా ఆకు మరిగించి తాగితే ఎలాంటి వైరస్ అయినా మూడు రోజుల్లో పోతుందట, విదేశీ శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారట. నాది శ్రీకాకుళం దగ్గర చిన్న మందుల షాపు. ఆ మెసేజ్ తెరిచి చూపించి "ఇది నిజమేనా బాబూ" అని అడిగేవాళ్లూ వస్తారు, ఎవరినీ అడక్కుండా వారం పాటు కషాయం తాగి చివరికి ఆయాసంతో వచ్చేవాళ్లూ వస్తారు. మొదటి రకం వాళ్లకి కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పేంత టైం ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఏ ఆకు గురించి విన్నా మీరు అడగాల్సిన ప్రశ్నలు మూడే: ఎంత మోతాదులో పనిచేసింది, ఆ మోతాదు మన ఊపిరితిత్తుల దాకా చేరుతుందా, మనుషుల మీద పోల్చి చూశారా.

అసలు ఆకుల్లో మందు ఉందా అంటే

ఉంది. రుజువు నా షాపు అరలోనే ఉంది. దగ్గు సిరప్ సీసా తిప్పి లేబుల్ చదవండి, చాలావాటి మీద బ్రోమ్‌హెక్సిన్ అనో అంబ్రాక్సాల్ అనో కనిపిస్తుంది. వీటికి మూలం మన కంచెల్లో పెరిగే అడ్డసరం. పొడుగాటి ఆకులు, తెల్లటి పూలు, పూరేకుల మీద ఊదా గీతలు, ఆకలి మీదున్న మేక కూడా మూతి పెట్టని ఆ చెట్టే. అందులో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దాని నమూనా చూసుకుని రసాయన శాస్త్రవేత్తలు కొత్త అణువును కట్టారు, 1960ల్లో అది బ్రోమ్‌హెక్సిన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది, అది ఒంట్లోకి వెళ్లాక మారితే వచ్చేది అంబ్రాక్సాల్. అడ్డసరం రసంలో తేనె కలిపి నాకించిన మన నాయనమ్మలు ఊరికే నాకించలేదన్నమాట. కాకపోతే ఈ సిరప్ మనం వాడేది కఫం పలచబడి బయటికి రావడానికి, వైరస్‌ను చంపడానికి కాదు. ఇంకో సంగతి, వాసిసిన్‌కు గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉంది, కాబట్టి కడుపుతో ఉన్నవాళ్లు అడ్డసరం జోలికే పోకూడదు.

వైరస్ మీద నేరుగా పనిచేసేదానికి ఉదాహరణ కావాలంటే ఒసెల్టామివిర్ ఉంది, టామీఫ్లూ అంటే చాలామంది గుర్తుపడతారు. 1999లో అమెరికాలో అనుమతి వచ్చిన ఫ్లూ మాత్ర. దీనికి ముడిసరుకు షికిమిక్ ఆమ్లం, అది దొరికేది బిరియానీలో వేసే అనాస పువ్వులో. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో దేశాలన్నీ ఈ మాత్రను నిల్వ చేసుకోవడానికి ఎగబడితే చైనాలో అనాస పువ్వుకే కరువొచ్చి ధర చుక్కలనంటింది. తర్వాత ఆ ఆమ్లాన్ని బ్యాక్టీరియాతో పులియబెట్టి తీసే పద్ధతి కూడా వచ్చింది. ఇంత కథ ఉన్నా, షికిమిక్ ఆమ్లం దానంతటది ఫ్లూ మందు కాదు. ఫ్యాక్టరీలో ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్నో మార్పులు చేశాకే మందు తయారవుతుంది. అనాస పువ్వు మరిగించి తాగితే ఫ్లూ పోతుందని మెసేజ్ పంపేవాళ్లు ఈ మధ్యలో జరిగే పనంతా మింగేస్తారు.

"వైరస్‌ను అడ్డుకుంది" అంటే, ఎక్కడ?

వార్త చదవగానే మొదట వెతకాల్సింది ఇదే. కంప్యూటర్‌లో అడ్డుకుందా, గాజు పళ్లెంలోనా, ఎలుకలోనా, మనిషిలోనా.

కంప్యూటర్ పరీక్షను డాకింగ్ అంటారు. వైరస్ ప్రోటీన్ ఆకారాన్నీ మొక్కలోని అణువు ఆకారాన్నీ పక్కపక్కన పెట్టి, ఇది దానికి ఎంత గట్టిగా అతుక్కోగలదో లెక్కకట్టడం. చెన్నైలోని గణిత శాస్త్ర సంస్థ వాళ్లు మన దేశపు ఔషధ మొక్కల అణువులను వేలల్లో ఇంపాట్ అనే డేటాబేస్‌లో పెట్టారు, ఎవరైనా చూసుకోవచ్చు. ఒక లాప్‌టాప్ ఉంటే ఎంఎస్సీ చదివే కుర్రాడు కూడా ఇంట్లో కూర్చుని వందల అణువులను పరీక్షించేయగలడు. అందుకే 2020 తర్వాత ఇలాంటి పేపర్లు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. తప్పేం లేదు, వెతుకులాట అక్కడే మొదలవ్వాలి. మొదటి మెట్టు మీద ఉన్నదాన్ని పట్టుకుని "తులసిలో కరోనాకు మందు" అని హెడ్డింగ్ పెట్టడం దగ్గరే వస్తుంది చిక్కు.

గాజు పళ్లెంలో పరీక్షంటే, కణాలను పెంచి, వాటికి వైరస్ అంటించి, పైన మొక్క సారం పోసి చూడటం. ఇక్కడ గుర్తుంచుకోండి, పళ్లెంలో వైరస్‌ను సబ్బు నీళ్లు కూడా చంపుతాయి, అలాగని తాగుతామా. కాబట్టి రెండు అంకెలు చూడాలి. వైరస్ సగానికి తగ్గడానికి ఎంత మోతాదు పట్టింది, అదే పదార్థానికి కణాలు సగం చావడానికి ఎంత పట్టింది. ఈ రెండింటి మధ్య ఎడం ఎక్కువగా ఉంటే ఆశ ఉన్నట్టు. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే అది వైరస్‌తో పాటు ఇంటిని కూడా తగలబెడుతోందని అర్థం.

ఏ కణాల మీద చూశారన్నది కూడా అడగాలి. సింకోనా బెరడులోంచి వచ్చిన క్వినైన్ బాటలోనే ల్యాబులో తయారైన క్లోరోక్విన్‌నే తీసుకోండి. 2020లో కోతి కిడ్నీ కణాల్లో అది కరోనా వైరస్‌ను బ్రహ్మాండంగా ఆపింది. అప్పుడు దాని తమ్ముడు హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం జనం షాపుల మీద పడ్డారు, కీళ్ల జబ్బులకు రోజూ వేసుకునేవాళ్లకు కూడా దొరక్కుండా పోయింది. తర్వాత మనిషి ఊపిరితిత్తుల కణాల్లో చూస్తే పనిచేయలేదు, ఎందుకంటే అక్కడ వైరస్ లోపలికి దూరే దారే వేరు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ (మనుషుల మీద మందును పోల్చి చూసే పెద్ద పరీక్ష) కూడా ఆస్పత్రిలో ఉన్న రోగులకు దీనివల్ల లాభం లేదని 2020 జూన్‌లో తేల్చేసింది.

ఇక చేరడం సంగతి. పసుపుతోనే లెక్క వేద్దాం, మన చేతిలో ఉన్నది కదా. పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం. ఒక టీస్పూను పసుపు 3 గ్రాములు అనుకుంటే అందులో కర్కుమిన్ 90 మిల్లీగ్రాములు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు మనుషులకు ఏకంగా 2 గ్రాముల శుద్ధమైన కర్కుమిన్ ఇచ్చి చూశారు. అంటే మన లెక్కలో అరవై గ్రాములకు పైగా పసుపు. అంత ఇచ్చినా రక్తంలో అది దాదాపు కనబడలేదు. కడుపులోంచి ఎక్కేదే తక్కువ, ఎక్కిన కాస్తా కాలేయం మార్చేసి బయటికి పంపేస్తుంది. దాంతో పాటు మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది. పసుపు పాలలో మిరియాల పొడి వేసుకోమని చెప్పేది అందుకే, సలహా మంచిదే. కానీ దాదాపు సున్నాకి ఇరవై రెట్లంటే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. పైగా ల్యాబు పరీక్షల్లో కర్కుమిన్ ఏ ప్రోటీన్‌కైనా అతుక్కుంటుంది, రంగు చూపిస్తుంది, పనిచేయకపోయినా పనిచేసినట్టు కనిపిస్తుంది. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు కొందరు దాని చరిత్రంతా తిరగేసి, కట్టుదిట్టంగా చేసిన ట్రయల్ ఒక్కటీ అప్పటికి నెగ్గలేదని రాశారు. కూరలో పసుపు మానేయమని నేను చెప్పట్లేదు, దాన్ని యాంటీవైరల్ అనకండి అంటున్నాను.

ఆఖరి మెట్టు మనిషి. జలుబుకు మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని అందరూ నవ్వుతారు గానీ అసలు చిక్కంతా అందులోనే ఉంది. దానంతటదే తగ్గే జబ్బుకు ఏది తాగినా అదే తగ్గించినట్టు అనిపిస్తుంది. అందుకే కొందరికి మందు, కొందరికి మందులా కనిపించే ఉత్తది ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా పోల్చాలి. అలా చేశారా లేదా అన్నది మీరే వెతుక్కోవచ్చు. మన దేశంలో ట్రయల్స్ అన్నీ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదవుతాయి, 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. సైట్‌లో మొక్క శాస్త్రీయ నామం కొట్టండి. ఎంతమంది మీద చేశారు, పోల్చడానికి రెండో గుంపు ఉందా, ఫలితం ప్రకటించారా, ఈ మూడూ చూడండి. ట్రయల్ "నమోదైంది" అనేదాన్నే "నిరూపితమైంది" అని ప్యాకెట్ మీద వేసుకునేవాళ్లున్నారు, జాగ్రత్త.

మన చుట్టూ ఉన్నవి ఎక్కడ నిలబడ్డాయి

వీటన్నిటిలో నేను కాస్త గౌరవంగా చూసేది నేలవేము. నాలుక మీద పెడితే రోజంతా వదలని చేదు. ఆ చేదుకు కారణమైన ఆండ్రోగ్రాఫోలైడ్ మీద చాలా పని జరిగింది. 2017లో 33 ట్రయల్స్‌ను కలిపి చూస్తే జలుబు, దగ్గు, గొంతునొప్పి లక్షణాలు కాస్త తగ్గుతున్నట్టు కనిపించింది, కానీ ఆ ట్రయల్స్‌లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రమేనని ఆ పని చేసినవాళ్లే రాశారు. కోవిడ్ సమయంలో థాయిలాండ్ ప్రభుత్వం తేలికపాటి లక్షణాలున్నవాళ్లకు దీన్ని అధికారికంగానే వాడించింది. న్యుమోనియా రాకుండా ఆపిందని అక్కడి పరిశోధకులు పెట్టిన పేపర్‌ను 2021లో లెక్కలో తప్పు దొర్లిందని వాళ్లే వెనక్కి తీసుకున్నారు. కొందరికి దీనివల్ల తీవ్రమైన అలర్జీ వస్తుందని ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. బీపీని, షుగర్‌ని కిందికి లాగే గుణం కూడా ఉంది కాబట్టి ఆ మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు.

అతిమధురం కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2003లో కరోనా జాతికే చెందిన సార్స్ వైరస్ వచ్చినప్పుడు జర్మనీలో గాజు పళ్లెంలో చూస్తే అందులోని గ్లిసిరైజిన్ ఆ వైరస్ పెరగకుండా ఆపింది. దానికి పట్టిన మోతాదు మాత్రం చాలా ఎక్కువ. గొంతు గరగరకి చిన్న ముక్క బుగ్గన పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. దాన్నే పొడి చేసి రోజూ చెంచాలకు చెంచాలు తింటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఉంది.

తిప్పతీగను కోవిడ్ టైంలో గోడ మీదున్నది గోడ మీదే పీకేసి మరీ తాగారు. 2020, 21లో ముంబైలో దాన్ని వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అదే జాతిలో చూడటానికి ఒకేలా ఉండే వేరే తీగ కావచ్చని వాదించింది. ఏది నిజమైనా మనకు పనికొచ్చే మాట ఒకటే, పచ్చకామెర్లు వచ్చి తగ్గినవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు నెలల తరబడి దాన్ని తాగొద్దు.

తులసి, అల్లం, వాము, మిరియాలు: గొంతుకు హాయి, ముక్కు కాస్త తెరుచుకుంటుంది, అంతవరకే.

అడవినాభి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. దుంప అందుబాటులోనే ఉంటుంది, పువ్వు మంటలా ఎర్రగా అందంగా ఉంటుంది, అందులో ఉన్న కొల్చిసిన్ అసలైన మందే. కోవిడ్ మీద కూడా చూశారు, రికవరీ ట్రయల్‌లో 11,000 మందికి పైగా రోగులతో పరీక్షించి 2021లో లాభం లేదన్నారు. దుంప చిన్న ముక్క తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. మాత్రగా అది వాడేది గౌట్ (ఒక రకం కీళ్లవాపు) లాంటి జబ్బులకు, మిల్లీగ్రాముల లెక్కలో. ఎవరైనా ఆయాసానికి నాభి దుంప ఇస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంట్లో చేసుకునేది ఎలా చేసుకోవాలి

జ్వరం తక్కువగా ఉండి, తింటూ తిరుగుతూ ఉన్న మనిషికి కషాయం హాయినిస్తుంది. 2020లో ఆయుష్ శాఖ చెప్పిన పాళ్లు తేలికైనవి: ఎండబెట్టిన తులసి ఆకు నాలుగు వంతులు, దాల్చిన చెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. పొడి కొట్టుకుని, 3 గ్రాములు 150 మిల్లీలీటర్ల వేడినీళ్లలో వేసి రోజుకు ఒకటి లేదా రెండుసార్లు తాగడం. అంతే. రెండుసార్లు మంచిదైతే ఆరుసార్లు ఇంకా మంచిది అని మొదలుపెట్టేవాళ్లకే కడుపులో మంట, నోట్లో పుండ్లు. ఘాటు పడనివాళ్లు మిరియాల చారు పల్చగా కాచుకుని అన్నంలో కలుపుకుని తినండి, ఒంట్లోకి నీళ్లూ ఉప్పూ వెళ్తాయి, జ్వరంలో అది తక్కువ మేలేం కాదు.

దగ్గుకు తేనె విషయంలో సాక్ష్యం బాగానే ఉంది. రాత్రి పడుకునే ముందు ఒక చెంచా ఇస్తే పిల్లలకు దగ్గు కాస్త నెమ్మదిస్తుందని ట్రయల్స్‌లో తేలింది. ఏడాది నిండని బిడ్డకు మాత్రం చుక్క కూడా నాకించకండి, తేనెలో ఉండే బొట్యులిజం క్రిముల వల్ల పసిబిడ్డకు కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పురిట్లో తేనె నాకించే అలవాటు మన వైపు ఇంకా ఉంది, పెద్దవాళ్లతో గొడవైనా సరే ఆపండి.

ఆవిరి పడితే ముక్కు తేలికవుతుంది, వైరస్ చావదు. మరిగే గిన్నె మీద దుప్పటి కప్పి పిల్లల్ని కూర్చోబెట్టడం వల్ల ఒళ్లు కాలిన కేసులే ఎక్కువ, కాబట్టి పిల్లలకు వద్దు. నీలగిరి తైలం రెండు చుక్కలు పెద్దవాళ్లు ఆవిరిలో వేసుకోవచ్చు, మింగకూడదు. కర్పూరం, వాము మూట కట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని 2021లో ఊరూరా తిరిగింది గుర్తుందా? పెరగదు. కర్పూరం పిల్లలు నోట్లో పెట్టుకుంటే మూర్ఛలు వస్తాయి, దేవుడి గూట్లో కూడా అందనంత ఎత్తులో పెట్టండి. ముక్కులో నూనెలు, కంట్లో పసర్లు పోయొద్దు. కోవిడ్‌కని ఆనందయ్య పంచిన కృష్ణపట్నం మందుకు అంత ఒత్తిడి ఉన్న రోజుల్లో కూడా కంటి చుక్కలకు ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు.

ఉద్దానం వాళ్లకు వేరేగా

కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, ఇచ్ఛాపురం వైపు ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగి ఉన్న మనిషికి, తనకు పెరిగిందని తెలియని మనిషికి కూడా, గుర్తు తెలియని వేర్ల కషాయాలు పెద్ద ప్రమాదం. అలాంటివాటిలో ఈశ్వరి వేరు ఒకటి. పాముకాటుకనీ, జ్వరానికనీ సంతల్లో అమ్ముతారు. ఆ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది, అది కిడ్నీలను కోలుకోకుండా పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. 1990ల్లో బెల్జియంలో సన్నబడే మందులో ఇలాంటి మొక్క కలిసి వంద మందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. జ్వరానికి, ఒళ్లునొప్పులకి మీ అంతట మీరు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మింగడం కూడా కిడ్నీకి చెరుపే, పారాసిటమాల్‌తో సరిపెట్టుకోండి. కొంచెం అనుమానం ఉన్నా ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, పలాసలో కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబర్ నుంచి ఉంది.

ఫిట్స్ మాత్ర ఫెనిటాయిన్, ఉబ్బసం మాత్ర థియోఫిలిన్ వాడేవాళ్లు మిరియాల, పిప్పలి క్యాప్సూళ్లకు దూరంగా ఉండాలి, పైపరిన్ ఆ మందులను కూడా రక్తంలో పెంచేస్తుంది. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు పసుపు, అల్లం మాత్రలు వేసుకోవద్దు. కూరలో వేసేదానితో ఇబ్బంది లేదు.

కొనేటప్పుడు

సీతంపేట సంతలోనో (ఇప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ మాకు అలవాటు పోలేదు) పట్నంలో మూలికల కొట్లోనో కొంటే ఆకు, పువ్వు, కాయ కనిపించే కొమ్మ తీసుకోండి. ఎండిన వేరుముక్కను చూసి ఏ మొక్కో చెప్పడం తెలిసినవాళ్లకే కష్టం. పొట్లంలో కట్టిన పొడి అసలే వద్దు. కంపెనీది కొంటే తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ మూడూ ఉండాలి. 2004లో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల కొట్లలో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 వాటిల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. భస్మం అని పేరున్నవాటితో ఇంకా జాగ్రత్త.

కషాయం గిన్నె పక్కన పెట్టి బయల్దేరాల్సింది ఎప్పుడంటే

పిల్లలకైతే ఊపిరి లెక్కపెట్టండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూసుకుంటూ నిండా ఒక నిమిషం. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40, ఆ అంకె వచ్చినా దాటినా న్యుమోనియా అనుమానించాల్సిందే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా లెక్కపెట్టడం కూడా అనవసరం, 108కి ఫోన్ చేయండి. పెద్దవాళ్లకు ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి, కఫంలో రక్తం ఉన్నా, తగ్గిన జ్వరం మళ్లీ గట్టిగా తిరగబెట్టినా అదే మాట.

గర్భిణులు, ముసలివాళ్లు, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఫ్లూ అనిపిస్తే అంతవరకు కూడా ఆగొద్దు. ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది, "ముందు మూడు రోజులు కషాయం చూద్దాం" అంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. అది డాక్టర్ చీటీ మీద ఇచ్చేదే, నన్నడిగినా ఊరికే ఇవ్వను. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు తిడతారేమోనని దాచకుండా ఏ ఆకు, ఎంత, ఎన్ని రోజులు తాగారో చెప్పండి, ప్యాకెట్ మిగిలుంటే పట్టుకెళ్లండి. కాలేయం, కిడ్నీ రిపోర్టు తేడాగా వస్తే ఆ ప్యాకెట్ చూసే కారణం కనిపెట్టాల్సి రావచ్చు.